పళ్లెం మీదా... ప్యాకెట్ మీదా?

ఊబకాయాన్ని తగ్గించాలని ప్రభుత్వాలు పూనుకున్న ప్రతిచోటా జనం గట్టిగానే స్పందించారు. కొన్నిచోట్ల నవ్వారు, కొన్నిచోట్ల కోర్టుకెళ్లారు, ఒక దేశంలో సరిహద్దు దాటి వెళ్లి వెన్న కొనుక్కొచ్చారు. మరికొన్ని దేశాల్లో అలాంటి జనమే చట్టం వెంట నడిచారు. తేడా ఎక్కడొచ్చింది? సమోసా బోర్డుల రగడ మొదలుకొని మన ఊరి బడి గేటు దాకా... ఈ వారం ముఖచిత్ర కథనం.

పెళ్లికి వెళ్తే పెద్దమ్మ వరసయ్యే ఆవిడ ఎదురొచ్చి చెంపలు నిమురుతుంది. "కాస్త ఒళ్లు చేశావే తల్లీ, ఇప్పుడు చూడ ముచ్చటగా ఉన్నావు" అంటుంది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన కొడుకుని చూసి అమ్మ "చిక్కి సగమైపోయావురా" అని కళ్లొత్తుకుంటుంది. పసిపిల్లను ఎత్తుకున్న ప్రతివాళ్లూ "బొద్దుగా, ముద్దుగా ఉంది" అని మెచ్చుకుంటారు. మన మాటల్లో లావు అంటే కలిమి, సన్నం అంటే లేమి. అలా ఎందుకు కుదిరిందో చరిత్రే చెబుతుంది. గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువునూ, రాయలసీమను ఎండగట్టిన ధాత కరువునూ చూసిన నేల ఇది. గంజి దొరికిన రోజు పండగ చేసుకున్న తాతల మనవలం మనం. అలాంటి ఇంట్లోకి ప్రభుత్వం వచ్చి "కొంచెం తగ్గించి తినండి" అంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది.

2025లో దేశమంతా ఈ కలుక్కు వినిపించింది.

రెండు రోజుల సమోసా రగడ

ఆ ఏడాది జనవరి 28న దెహ్రాదూన్‌లో జాతీయ క్రీడలు ప్రారంభిస్తూ ప్రధాని ఊబకాయం గురించి మాట్లాడారు. ఫిబ్రవరి 23న 'మన్ కీ బాత్'లో మరో అడుగు వేశారు. ప్రతి ఇంటా వంటనూనె వాడకం పది శాతం తగ్గించుకోమని కోరి, ఈ మాటను జనంలోకి తీసుకెళ్లమంటూ పదిమంది ప్రముఖులను ఎంపిక చేశారు. వాళ్లలో మోహన్‌లాల్, మాధవన్, సుధామూర్తి, మీరాబాయి చాను, మను భాకర్ ఉన్నారు. మే నెలలో సీబీఎస్‌ఈ తన బడులన్నిటికీ 'షుగర్ బోర్డులు' పెట్టమని చెప్పింది. ఏ కూల్‌డ్రింకులో, ఏ చాక్లెట్‌లో ఎన్ని చెంచాల పంచదార ఉందో పిల్లలకు కనబడేలా గోడమీద చూపించాలన్నది ఆలోచన. అంతవరకూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

జూన్ 21న కేంద్ర ఆరోగ్య శాఖ మిగతా మంత్రిత్వ శాఖలకు ఒక లేఖ రాసింది. ఆఫీసుల్లో, క్యాంటీన్లలో నూనె, చక్కెరల లెక్క చెప్పే బోర్డులు పెట్టండి, లెటర్‌హెడ్ల మీద ఆరోగ్య సందేశాలు అచ్చు వేయండి, మెట్లెక్కడాన్ని ప్రోత్సహించండి అన్నది దాని సారాంశం. జూలై రెండో వారంలో ఆ లేఖ వార్తల్లోకి ఎక్కేసరికి రూపం మారిపోయింది. సిగరెట్ పెట్టె మీద ఉన్నట్టే సమోసాకూ, జిలేబీకీ హెచ్చరిక రాబోతోందన్న ప్రచారం ఫోన్లలో కార్చిచ్చులా పాకింది. సమోసా మీద పుర్రె బొమ్మలు గీసి పంచుకున్నారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఇలాంటిది మా రాష్ట్రంలో అమలు చేయబోమని ప్రకటించారు. జూలై 15న కేంద్రం వివరణ ఇచ్చుకుంది. బండ్ల మీద అమ్మే తినుబండారాలకు హెచ్చరికలేవీ లేవు, ఇది ఆఫీసుల్లో అవగాహన కోసం చెప్పిన మాట మాత్రమే, భారతీయ చిరుతిళ్లను వేలెత్తి చూపడం లేదు అని చెప్పింది.

రగడ చల్లారింది. దాంతోపాటే అసలు విషయమూ చల్లారిపోయింది. నష్టం అక్కడే జరిగింది.

నవ్వు ఆగాక మిగిలే అంకెలు

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్లలో 24 శాతం, మగవాళ్లలో 22.9 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. మన దగ్గర పరిస్థితి ఇంకా బరువు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 36.3 శాతం, మగవాళ్లు 31.1 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 30.1 శాతం, మగవాళ్లు 32.3 శాతం. అంటే తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. ఇదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఆడవాళ్లకు రక్తహీనత. ఒంట్లో కొవ్వు పేరుకుంటోంది, రక్తం మాత్రం పట్టడం లేదు. కడుపు నిండుతోంది కానీ ఒంటికి కావలసింది అందడం లేదని ఈ రెండు అంకెలూ కలిసి చెబుతున్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, 39.5 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు పేరుకుందనీ తేల్చింది. మన ఒంటి తీరుకు ఈ పొట్టే అసలు ప్రమాదం. చూడటానికి సన్నగానే ఉన్నా లోపల కొవ్వు ఎక్కువగా ఉండటం భారతీయుల్లో సాధారణం. అందుకే మనకు ఊబకాయం హద్దు 25 బీఎంఐ దగ్గరే మొదలవుతుందని వైద్యులు లెక్కగట్టారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలంటారు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కథ ఈ మార్పుకు అద్దం. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. దశాబ్దాల పాటు దాని పని తిండి చాలని పిల్లల గురించి ఆలోచించడం. అదే సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమని రాసింది. ఆకలి జబ్బుల కోసం పుట్టిన సంస్థ తిండి తెచ్చే జబ్బుల గురించి హెచ్చరించాల్సి వచ్చింది.

ఆ మార్గదర్శకాల ప్రకారం రోజుకు పంచదార 25 గ్రాములు దాటకూడదు. చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన, రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలు తాగితే 32 గ్రాములు. హద్దు అక్కడికే దాటిపోయింది. ఇంకా బిస్కెట్ లెక్కలోకి రాలేదు.

జనం అడిగే నాలుగు మాటలు

ప్రభుత్వం తిండి గురించి నోరు విప్పినప్పుడల్లా టీకొట్టు దగ్గరా, బస్సులోనూ, భోజనాల బల్ల దగ్గరా నాలుగు మాటలు వినబడతాయి. వీటిని మొండితనంగా కొట్టిపారేయడం తప్పు. ప్రతి మాటలోనూ కొంత న్యాయం ఉంది.

మొదటిది: "నా తిండి మీద మీ పెత్తనమేమిటి?" తిండి మనిషికి కులం, ఊరు, అమ్మ, పండగ అన్నీ. పూతరేకు మీద మాట అంటే ఆత్రేయపురం మీద అన్నట్టే, సకినం మీద అంటే సంక్రాంతి మీద అన్నట్టే. కాబట్టి కోపం సహజం. అయితే మన ఇష్టం నిజంగా మనదేనా అన్నది కూడా అడగాలి. మూడేళ్ల పిల్లాడు చిప్స్ ప్యాకెట్ రంగు చూసి ఏడ్చేలా చేసింది వాడి నోరు కాదు, టీవీలో ప్రకటన. ఆ పెత్తనం ఎప్పటినుంచో సాగుతోంది, మనకు కనబడలేదంతే.

రెండోది: "మా తాతలు నెయ్యి పోసుకు తినలేదా?" తిన్నారు. తెల్లారకముందే లేచి నాగలి కట్టిన తాత తిన్నాడు. రోట్లో వడ్లు దంచి, బావి నుంచి నీళ్లు తోడిన నాయనమ్మ తిన్నది. అరిసె, బొబ్బట్టు, గారె వాళ్లకు పండగ వంటలు. ఏడాదికి ఎన్ని పండగలో అన్ని సార్లే బాణలి పొయ్యి ఎక్కేది. ఇప్పుడు సందు మలుపులో రోజూ సాయంత్రం ఎక్కుతోంది. తాత పళ్లెం మనకు మిగిలింది గానీ తాత పొలం మిగల్లేదు.

మూడోది: "పేదవాడి బండే దొరికిందా మీకు?" సమోసా రగడలో అందరికంటే న్యాయమైన మాట ఇదే. మిర్చి బజ్జీల బండి నడిపే ఆమెకు లాయరు లేడు, ప్రకటనల ఖర్చు లేదు. ఆమె బాణలి ముందు బోర్డు పెట్టడం తేలిక. కోట్ల ప్యాకెట్లు అమ్మే కంపెనీ ప్యాకెట్ ముందు వైపు అదే మాట అచ్చు వేయించడం కష్టం. ప్రభుత్వం తేలిక పని ముందు మొదలుపెట్టినట్టు కనబడితే జనం నమ్మరు.

నాలుగోది: "ముందు మీరు మానండి." ప్రభుత్వ సమావేశాల్లో బల్లల మీద బిస్కెట్లు, కూల్‌డ్రింకులు పెట్టి, గోడ మీద హితవు రాస్తే ఎవరికీ ఎక్కదు. ఆ లెక్కన చూస్తే జూన్ 21 లేఖ సరైన దారిలోనే మొదలైంది. అది ముందుగా ప్రభుత్వ ఆఫీసులకే చెప్పింది. ఆ మాటను జనానికి సూటిగా, మొదటి రోజే చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది.

వెనక్కి తగ్గిన చట్టాలు

ఈ నాలుగు మాటలూ మనవే అనుకోనక్కర్లేదు. ఎక్కడ చూసినా ఇవే.

డెన్మార్క్ 2011 అక్టోబరులో ప్రపంచంలో ఎక్కడా లేని పన్ను తెచ్చింది. సంతృప్త కొవ్వు 2.3 శాతం మించిన ప్రతి తిండి మీదా, కొవ్వు కిలోకు 16 క్రోనర్ల చొప్పున వసూలు చేసింది. వెన్న, చీజ్, మాంసం అన్నీ దానికిందికే వచ్చాయి. పన్ను రాకముందే జనం వెన్న కొని దాచుకున్నారు, వచ్చాక జర్మనీ, స్వీడన్ వెళ్లి కొనుక్కున్నారు. ఏడాది తిరగ్గానే దాన్ని ఎత్తేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2013 జనవరి నుంచి ఆ పన్ను లేదు. ఇంటింటి రొట్టె మీద రాసుకునే వెన్నను తాకడమే అక్కడ జరిగిన పొరపాటు.

న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూమ్‌బెర్గ్ 2012లో హోటళ్లు, సినిమా హాళ్లలో 16 ఔన్సులు, అంటే సుమారు 470 మిల్లీలీటర్లు దాటిన తీపి పానీయాల గ్లాసులు అమ్మకూడదన్నాడు. ఆయనకు ఆడవాళ్ల గౌను తొడిగి ఆయాలా చూపించిన ప్రకటన పత్రికలో పూర్తి పేజీలో అచ్చయింది. సర్వేలో పదిమందిలో ఆరుగురు ఇది తప్పన్నారు. అమల్లోకి రావడానికి ఒక్క రోజు ముందు, 2013 మార్చి 11న, కోర్టు కొట్టేసింది.

ఇంగ్లండ్‌లో 2005లో వంటల నిపుణుడు జేమీ ఆలివర్ బడి భోజనాల మీద ఉద్యమం నడిపితే, ప్రభుత్వం వాటి నిబంధనలు మార్చింది. మరుసటి ఏడాది రాదర్‌హమ్ దగ్గర రామార్ష్‌లో కొందరు తల్లులు బడి కంచె సందుల్లోంచి పిల్లలకు బర్గర్లు, చిప్స్ అందించారు. దేశమంతా వాళ్లను తిట్టింది. కానీ ఆ తల్లుల కోపం కూరగాయల మీద కాదు. మా పిల్లలకు ఏం పెట్టాలో మమ్మల్ని అడగకుండా నిర్ణయించారన్నదే వాళ్ల బాధ.

మన పక్కనే కేరళ ఉంది. 2016 జూలైలో ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్ బ్రాండెడ్ రెస్టారెంట్లలో అమ్మే బర్గర్లు, పిజ్జాలు, డోనట్ల మీద 14.5 శాతం పన్ను వేశారు. దేశంలో ఇదే మొదటి 'ఫ్యాట్ ట్యాక్స్'. రాబడి పది కోట్ల రూపాయలు దాటదని అంచనా. పరోటా మాటేమిటి, అరటికాయ చిప్స్ మాటేమిటి అని విమర్శకులు అడిగారు. ఏడాది తిరిగేసరికి జీఎస్టీ వచ్చి ఆ పన్నును తనలో కలిపేసుకుంది. ఏం సాధించిందో తేల్చుకునే వ్యవధి కూడా దానికి దక్కలేదు.

జనం వెంట నడిచిన చట్టాలు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

మెక్సికోలో కూల్‌డ్రింక్ మంచినీళ్లంత మామూలు. 2014 జనవరి 1 నుంచి అక్కడ తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను పడింది. అంతకుముందే ఉద్యమకారులు మెట్రో స్టేషన్లలో పోస్టర్లు పెట్టారు. పన్నెండు చెంచాల పంచదార తింటావా, మరి ఈ సీసా ఎందుకు తాగుతున్నావు అని ఒక్క ప్రశ్న వేశారు. బడుల్లో పిల్లలకు మంచినీళ్ల కుళాయిలు పెట్టాలన్న డిమాండునూ పన్నుతో కలిపి అడిగారు. మొదటి ఏడాది అమ్మకాలు 5.5 శాతం, రెండో ఏడాది 9.7 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. పేద కుటుంబాల్లో తగ్గుదల ఎక్కువ. మధుమేహం వస్తే ఆసుపత్రి ఖర్చు ముందుగా మోయలేనిది ఆ కుటుంబాలే కదా!

చిలీలో అప్పట్లో సెనెటర్‌గా ఉన్న గీదో గిరార్ది పిల్లల వైద్యుడు కూడా. ఆయన ఏళ్ల తరబడి కంపెనీలతో పోరాడి తెచ్చిన చట్టం 2016 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఉప్పు, చక్కెర, కొవ్వు, కేలరీలు హద్దు దాటిన ప్రతి ప్యాకెట్ ముందు వైపు నల్లటి ఎనిమిది మూలల ముద్ర పడాలి. ముద్ర ఉన్న ప్యాకెట్ మీద కార్టూన్ బొమ్మ ఉండకూడదు, బడిలో అమ్మకూడదు, పిల్లల కార్యక్రమాల్లో ప్రకటన రాకూడదు. ఆ తర్వాత తల్లులు పరిశోధకులకు ఒక మాట చెప్పారు. "ముద్ర ఉంది, టీచరు ఒప్పుకోదు, ఇది వద్దమ్మా" అని పిల్లలే అంటున్నారట. కొన్నేళ్ల క్రితం అవే ప్యాకెట్ల కోసం ఏడ్చిన పిల్లలు! అలాంటి తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం తగ్గాయి.

బ్రిటన్ ఇంకో కిటుకు చేసింది. 2016 మార్చిలో పన్ను ప్రకటించి, అమలును 2018 ఏప్రిల్‌కు పెట్టింది. వంద మిల్లీలీటర్లలో అయిదు గ్రాముల చక్కెర దాటితే ఒక పన్ను, ఎనిమిది దాటితే ఇంకాస్త ఎక్కువ. అయిదులోపు ఉంటే అసలు లేదు. ఆ రెండేళ్లలో కంపెనీలే పన్ను తప్పించుకోవడానికి చక్కెర తగ్గించేశాయి. స్కాట్లాండ్‌లో ఐర్న్ బ్రూ అభిమానులు కోపంతో సంతకాలు సేకరించారు, పాత రుచి సీసాలు కొని అటకెక్కించారు. ఆ పానీయంలో చక్కెర వంద మిల్లీలీటర్లకు 10.3 గ్రాముల నుంచి 4.7కు దిగింది. దేశం మొత్తమ్మీద కూల్‌డ్రింకుల్లోని చక్కెర 2015 నుంచి 2019లోపు మూడో వంతుకు పైగా తగ్గింది. ఎక్కువ మంది తాగేవాళ్లు తమ అలవాటు మార్చుకోలేదు. సీసాలో ఉన్నదే మారింది.

రెండు వైపులా పెట్టి చూస్తే తేడా స్పష్టం. డెన్మార్క్, న్యూయార్క్, రామార్ష్‌లలో చట్టం తినేవాడి చెయ్యి పట్టుకుంది. మెక్సికో, చిలీ, బ్రిటన్‌లలో తయారుచేసేవాడి చెయ్యి పట్టుకుంది. తినేవాడికి నిజం చెప్పి, ఎంచుకోవడం వాడికే వదిలేసింది. చెయ్యి పట్టి లాగితే ఎవరికైనా పౌరుషం వస్తుంది. దీపం పట్టి దారి చూపిస్తే కోపం ఎందుకొస్తుంది?

కుడిచేయి చెప్పేది, ఎడమచేయి చేసేది

మన ప్రభుత్వాల తీరును ఇక్కడ గట్టిగా ప్రశ్నించాలి.

దేశంలో తలకు ఏడాదికి 19.7 కిలోల వంటనూనె వాడుతున్నామని నీతి ఆయోగ్ 2024లో చెప్పింది. ఐసీఎంఆర్ సిఫారసు 12 కిలోలు. నలుగురున్న ఇంటికి సిఫారసు ప్రకారం నెలకు నాలుగు కిలోలు చాలు, వాడకం మాత్రం ఆరున్నర. ప్రధాని కోరినట్టు పది శాతం తగ్గించినా ఇంకా ఆరు కిలోల దగ్గరే ఉంటాం. అయినా మొదటి అడుగుగా మంచిదే. కానీ ఆ 19.7 కిలోలూ వంటింటి సీసాలోంచి రావడం లేదు. హోటల్ బాణలి, మిక్చర్ పొట్లం, బిస్కెట్‌లోని పామాయిల్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇల్లాలి గరిటెకు హితవు చెప్పి ఫ్యాక్టరీ పీపాను వదిలేస్తే లెక్క సరిపోదు.

పామాయిల్ సాగులో దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. దిగుమతులు తగ్గించడానికి 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. ఏలూరు జిల్లా రైతుకూ, అశ్వారావుపేట రైతుకూ అది జీవనాధారం, దాన్ని తప్పుపట్టలేం. అయితే నూనె పండించమని ఒక శాఖ, తగ్గించమని ఒక శాఖ చెబుతున్నప్పుడు, ఆ నూనె ఏ ప్యాకెట్లోకి, ఎంత మోతాదులో వెళ్లాలో చెప్పే మూడో శాఖ గట్టిగా ఉండాలి.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది. తీపి కూల్‌డ్రింకుల మీద 40 శాతం పన్ను ఉంచారు, అది సరైన పని. అదే రోజు బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు 18 శాతం నుంచి, మిక్చర్లలాంటివి 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. సామాన్యుడి ఇంటి ఖర్చుకు ఊరటే. కానీ అదే ఏడాది జనవరిలో ప్రభుత్వ ఆర్థిక సర్వేయే బాగా ప్రాసెస్ చేసిన ప్యాకెట్ తిండి మీద పన్ను పెంచాలని సూచించిన సంగతి మరవకూడదు. ఆ ఊరట పండ్లకూ, పప్పులకూ, చిరుధాన్యాలకూ అందితే మరింత మేలు.

ఇక ప్యాకెట్ ముందు వైపు లేబుల్ సంగతి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 సెప్టెంబరులో నక్షత్రాల పద్ధతితో ముసాయిదా తెచ్చింది. ఎక్కువ నక్షత్రాలుంటే మంచి తిండి అని అర్థం. చక్కెర నిండిన తిండికీ కొన్ని నక్షత్రాలు దక్కుతాయి కదా, అది హెచ్చరిక ఎలా అవుతుందని ఆరోగ్య కార్యకర్తలు అడిగారు. 14 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో సిఫారసులు ఇవ్వమంది, జూలైలో గడువు మరో మూడు నెలలు పెంచింది. బడిలో మంచి మార్కును మనం నక్షత్రంతో సూచిస్తాం, ప్రమాదాన్ని కాదు. చిలీ పిల్లలకు అర్థమైన నల్ల ముద్ర మన పిల్లలకూ అర్థమవుతుంది.

ఒక డాక్టరమ్మ ఎనిమిదేళ్లు

జనం స్పందన అంటే నవ్వులాటలే అనుకోకూడదు. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింకా అనే యువకుడు పిల్లల పానీయం బోర్న్‌వీటాలో చక్కెర ఎంతుందో వీడియో చేశాడు. కంపెనీ లీగల్ నోటీసు పంపింది, అతను వీడియో తీసేశాడు. కానీ లక్షల మంది అప్పటికే చూశారు. బాలల హక్కుల కమిషన్ కదిలింది. ఆ తర్వాత కంపెనీ చక్కెర తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్లు ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' వరసలో పెట్టకూడదని కేంద్ర వాణిజ్య శాఖ చెప్పింది.

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ కథ మనకు మరీ దగ్గరిది. విరేచనాలతో నీరసించిన పిల్లలకు తల్లులు ఓఆర్‌ఎస్ అని నమ్మి తీపి పానీయాల డబ్బాలు తాగిస్తున్నారని ఆమె గమనించారు. డబ్బా మీద ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలున్నాయి, లోపల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సూత్రం లేదు, చక్కెర మాత్రం మోతాదుకు మించి ఉంది. ఎనిమిదేళ్లు ఫిర్యాదులు చేశారు, కోర్టుకెళ్లారు, వీడియోల్లో కన్నీళ్లతో చెప్పారు. 2025 అక్టోబరు 14న, ఆ సూత్రం పాటించని ఏ పానీయం మీదా ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశం వచ్చింది. ఒక్క మాట ప్యాకెట్ మీంచి తీయించడానికి ఎనిమిదేళ్లు! ఆ ఆదేశాన్ని ఏ తల్లీ పెత్తనం అనలేదు. కొట్టువాడు చెప్పని నిజం ప్రభుత్వం చెప్పించిందని సంతోషించారు.

లావు నేరం కాదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఊబకాయం మీద పోరాటం లావుగా ఉన్నవాళ్ల మీద పోరాటం కాకూడదు. సమోసా రగడలో పంచుకున్న బొమ్మల్లో కొన్ని లావైన మనిషిని వెక్కిరించినవే. వంశం, నిద్ర, మందులు, కాన్పులు, రాత్రి షిఫ్టులు, నడవడానికి కాలిబాట లేని ఊళ్లు... ఇన్ని కలిస్తే ఒంటి బరువు. వెక్కిరింపుకు ఎవరూ సన్నబడరు. సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తారు, బడిలో ఆటల పీరియడ్‌కి దూరంగా కూర్చుంటారు. 2025లో బరువు తగ్గించే సూది మందులు మన మార్కెట్లోకీ వచ్చాయి. అవసరమైనవాళ్లకు వైద్యుడి సలహాతో అవి మేలు చేయవచ్చు. నెలకు వేల రూపాయల మందు కొనగలిగినవాడికే ఆరోగ్యం అన్న రోజు మాత్రం రాకూడదు.

ప్రభుత్వం మంచి పని చేస్తే మన జనం ఒప్పుకుంటారనడానికి రుజువులు ఇంట్లోనే ఉన్నాయి. 2023లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ రాగిజావ మొదలైతే ఎవరూ ఇదేం పెత్తనమని అడగలేదు. వద్దు అనే ముందు ఇదిగో అంటూ గిన్నె చేతికిచ్చారు కాబట్టి.

యాభై మీటర్లు

చివరగా ఒక నిబంధన గురించి. బడి ఆవరణలో గానీ, గేటుకు ఏ దిక్కున చూసినా 50 మీటర్లలోపు గానీ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు అమ్మకూడదని, పిల్లల్ని ఆకర్షించే ప్రకటనలు పెట్టకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. కొత్త చట్టం అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

ప్రభుత్వాలకు మా విన్నపం ఇది. బజ్జీల బండి దగ్గరికి వెళ్లేముందు బిస్కెట్ ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లండి. ప్యాకెట్ ముందు వైపు నిజం అచ్చు వేయించండి. తీపి పానీయాల పన్ను రాబడితో బడుల్లో మంచినీళ్లు, ఆటస్థలాలు కల్పించండి. వాకిట్లోకి వచ్చి తినొద్దని చెప్పే బదులు, బజారులో మంచి తిండి చవగ్గా దొరికేలా చూడండి. అప్పుడు మీ మాట విని ఎవరూ నవ్వరు.

పాఠకులకు ఒక పని. ఈసారి పిల్లల్ని బడి దగ్గర దింపినప్పుడు గేటు నుంచి ఎటైనా ఓ డెబ్బై అంగలు వేయండి. అది ఇంచుమించు 50 మీటర్లు. ఆ దూరంలో ఏమేం వేలాడుతున్నాయో, ఏ బొమ్మలు పిల్లల్ని పిలుస్తున్నాయో కాగితం మీద రాసుకోండి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఆ కాగితం ప్రధానోపాధ్యాయుల బల్ల మీద పెట్టండి. ఆ నిబంధన మన పిల్లల కోసం 2020 నుంచి ఎదురుచూస్తోంది.